ఇగోర్ సికోర్‌స్కీ చరిత్రము: హెలికాప్టరు నెగురవేయ నేర్చుకొనువారికి

గాలిపటము నెగురవేయని బాలుఁడు మన రాజాం ప్రాంతమున అరుదు. దారము చేతనున్నంతవఱకు గాలి యెంత త్రోసినను పటము మనదే. దారము తెగినతోడనే అది మనది కాదు. నేఁడు మన విద్యార్థులలో కొందఱి చేతులకు గాలిపటములతోపాటు రేడియో తరంగములచే నడుపఁబడు చిన్న హెలికాప్టరులును వచ్చుచున్నవి. పండుగకు తండ్రి కొనితెచ్చినదో, విశాఖపట్టణమునుండి మేనమామ పంపినదో, ఆ బొమ్మ మొదటి దినముననే యింటికప్పునకు తగిలి, రెక్క విరిగి మూలఁబడుట తఱచుగా జరుగుచుండును. బొమ్మ విరిగిన మరల కొనవచ్చును గాని, తిరుగుచున్న రెక్క కంటికి తగిలినచో ఆ కంటిని మరల కొనితేలేము. ఇట్టి బొమ్మను ఎట్లు ఎన్నుకొనవలయును, ఎట్లు క్షేమముగా నెగురవేయవలయును అని యడుగువారికి వట్టి నియమములను చెప్పుటకంటె ఒక మహనీయుని జీవితమును చెప్పుట మేలని మేము తలంచితిమి. ఆయన నిజమైన హెలికాప్టరును లోకమునకు సాధించి యిచ్చినవారిలో అగ్రగణ్యుఁడు. అట్టివాఁడును తన యంత్రమును మొట్టమొదట గాలిపటమువలె త్రాళ్లతో కట్టియే యెగురవేసెను. ఆయన పేరు ఇగోర్ సికోర్‌స్కీ.

సికోర్‌స్కీ 1889వ సంవత్సరము మే నెల 25వ తేదీన కీవ్ నగరమున జన్మించెను. ఆ నగరము నాఁడు రష్యా సామ్రాజ్యములోనిది. నేఁడు ఉక్రెయిన్ దేశమునకు రాజధాని. తండ్రి ఇవాన్ సికోర్‌స్కీ మనోవ్యాధుల శాస్త్రమున పేరుగాంచిన ఆచార్యుఁడు. తల్లి మారియా విద్యావతి. ఆమె కుమారునకు ఇటలీ చిత్రకారుఁడగు లియొనార్డో డావిన్సీని గూర్చి చెప్పుచుండెను. ఆ చిత్రకారుఁడు 15వ శతాబ్దము చివర, మరచుట్టువంటి రెక్కను త్రిప్పుచు గాలిలోని కెక్కు యంత్రమొకదానిని కాగితముపై గీచియుండెను. జూల్ వెర్న్ వ్రాసిన కథలలోని ఆకాశనౌకలును ఈ బాలుని మనస్సును హరించెను. 11 ఏండ్ల ప్రాయమున ఆతనికి ఒక కల వచ్చెను. ఆ కలలో ఆతఁడు నీలికాంతిగల దీపములు వెలుఁగుచున్న యొక సన్నని నడవలో నడచుచు, అది ఆకాశమున పోవుచున్న ఓడ యని గ్రహించెనఁట. మెలఁకువ వచ్చిన పిమ్మట, అట్టి ఓడ లోకమున లేదని పెద్దలు చెప్పిరి. బాలుఁడు దానిని మఱువలేదు.

మఱుచటి యేఁట, అనఁగా 12 ఏండ్ల ప్రాయమున, ఆతఁడు తన చేతులతో ఒక చిన్న హెలికాప్టరును చేసెను. రబ్బరు త్రాటిని మెలిపెట్టి వదలినచో, ఆ మెలిక విప్పుకొనుచుండఁగా రెక్కలు తిరిగి బొమ్మ గాలిలోనికి లేచెడిది. ఇట్టి బొమ్మను 1870వ సంవత్సరమున ఫ్రాన్సు దేశస్థుఁడగు అల్ఫోన్స్ పెనో నిర్మించి చూపియుండెను. 1878లో అమెరికాలో రైట్ సోదరుల తండ్రి తన చిన్న కుమారులకు అట్టి బొమ్మనే తెచ్చి యిచ్చెను. ఆ పిల్లలే 1903లో మొదటి విమానమును నడిపిరి. కావున బొమ్మయని దేనిని తక్కువగా చూడరాదు. మన పిల్లలు తాటియాకుతో గిరకచేసి గాలికెదురుగా పరుగెత్తునప్పుడు, వారు ఆడుచున్నది ఆ శాస్త్రముతోడనే.

ఇచట హెలికాప్టరు సూత్రమును కొంచెము తెలిసికొనుట యవసరము. విమానము ముందునకు పరుగెత్తినఁగాని దాని రెక్కలకు బలము రాదు. హెలికాప్టరు నిలిచినచోటనే తన రెక్కలను త్రిప్పి, గాలిని క్రిందికి నెట్టి, తాను పైకి లేచును. అయితే ఇంజను రెక్కలను ఒకవైపునకు త్రిప్పునప్పుడు, యంత్రపు దేహము రెండవవైపునకు తిరుగ యత్నించును. దీనిని ఆఁపుటకు రెండు ఉపాయములు ముఖ్యమైనవి. ఒకటి, ఒకదానిపై నొకటిగా రెండు పంకాలనుంచి, వానిని ఎదురెదురు దిక్కులకు త్రిప్పుట. రెండవది, పైన నొకటే పంకానుంచి, తోఁకచివర చిన్న పంకానొకదానిని అమర్చి, దేహము తిరుగకుండ ప్రక్కకు త్రోయుట. బజారులోని బొమ్మ హెలికాప్టరులలోను ఈ రెండు జాతులే ముఖ్యమైనవి. వీనిలో దేనిని ఎన్నుకొనవలయునో సికోర్‌స్కీ జీవితమునుబట్టియే తెలియఁగలదు.

ఆయన 1903లో సెయింట్ పీటర్స్‌బర్గులోని నావికా పాఠశాలయందు చేరెను. యంత్రవిద్యపై మక్కువచే 1906లో దానిని విడిచి, కొంతకాలము పారిస్ నగరమున చదివి, 1907లో కీవ్ పాలిటెక్నిక్ విద్యాలయమున ప్రవేశించెను. 1908లో తండ్రితో జర్మనీకి పోయినప్పుడు రైట్ సోదరుల విమానయానములను గూర్చి చదివి, ఇఁక తన జీవితము దీనికేయని నిశ్చయించుకొనెను. అక్క ఓల్గా తన సొమ్మును తమ్ముని చేతఁబెట్టెను. ఆ సొమ్ముతో ఆయన 1909లో పారిస్ నగరమునకు పోయి, 25 గుఱ్ఱపుశక్తి గల ఆంజానీ ఇంజనును కొనెను. అచటి విమాన నిపుణుఁడగు కెప్టెన్ ఫెర్బర్, హెలికాప్టరుపై కాలము వ్యర్థపుచ్చుకొనవలదని ఆయనకు హితవు చెప్పెను. యువకుఁడు వినలేదు. ఇంటికివచ్చి రెండు పంకాల హెలికాప్టరును కట్టెను. అది నేలను విడువలేదు. 1910లో రెండవదానిని కట్టెను. అది తన బరువును తాను ఎత్తుకొనెను గాని మనుష్యుని ఎత్తఁజాలదయ్యెను.

అప్పుడు సికోర్‌స్కీ చేసినపని మిక్కిలి గమనింపఁదగినది. ఆయన మూఁడవ హెలికాప్టరును కట్టలేదు. ఆ కాలపు ఇంజనులు బరువెక్కువ, బలము తక్కువ. తనకును ఆకాశపు అనుభవము లేదు. ఈ రెండును గ్రహించి, హెలికాప్టరును ప్రక్కకుపెట్టి, అంతకంటె సులువగు విమానమును నేర్చుకొనుటకు పూనెను. హెలికాప్టరు వద్దకు ఆయన తిరిగివచ్చుటకు 29 సంవత్సరములు పట్టెను. తన శక్తికి మించినదానిని ఆశించుట తప్పుకాదు; దానికి ముందుగా నేర్వవలసినదానిని నేర్వకుండుటయే తప్పు.

మన బాలురు బొమ్మను ఎన్నుకొనునప్పుడు ఈ పాఠమే పనికివచ్చును. మొదటి బొమ్మగా, ఎదురెదురుగా తిరుగు రెండు పంకాలు గల చిన్నదానిని కొనుట మేలు. అది తనంతట తాను నిలకడగా నుండును, వేగము తక్కువ, ఇంటిలోనే యెగురవేయవచ్చును. అది చేతికి లొంగిన తరువాత, ఒకే పైపంకాయు తోఁకపంకాయు గలిగి, రెక్కల వాలు మారని నాలుగు చానలుల బొమ్మను తీసికొనవచ్చును. రెక్కల వాలును ఎగురునప్పుడే మార్చు ఆరు చానలుల బొమ్మలు తలక్రిందులుగా కూడ ఎగురఁగలవు. వానిని చూచి మురియుట సహజమే గాని, అవి అనుభవము గలవారివి. అంగడిలో కొనుటకు ముందు, విరిగిన రెక్కలు, పండ్లచక్రములు, బ్యాటరీలు విడిగా దొరకునా యని యడుగవలెను. విడిభాగములు దొరకని బొమ్మ ఎంత అందమైనదైనను ఒక దినపు సంబరమే. రేడియో బొమ్మ హెలికాప్టరును మొట్టమొదట చక్కగా సాధించినవారిలో జర్మనీ దేశస్థుఁడగు డీటర్ ష్లూటర్ ముఖ్యుఁడు. 1970 ప్రాంతమువఱకు, అనఁగా నిజమైన హెలికాప్టరులు లోకమంతట తిరుగుచున్న మూఁడు దశాబ్దముల తరువాతఁగాని ఆ బొమ్మ సాధ్యము కాలేదు. చిన్నదగుటచే అది సులువైనది కాదని దీనివలన తెలియును.

తిరిగి చరిత్రకు వత్తము. విమానములపై సికోర్‌స్కీ శ్రమ ఫలించెను. 1911లో ఆయన నడుపుచున్న ఎస్-5 అను విమానపు ఇంజను ఆకాశమున హఠాత్తుగా నిలిచిపోయెను. ఆయన ఎట్లో ప్రాణములతో దిగి, ఇంజనును విప్పిచూడఁగా, పెట్రోలు పోవు సన్నని రంధ్రమున ఒక దోమ చిక్కుకొని యుండెను. ఒక్క దోమ విమానమును కూల్పఁగలిగినప్పుడు, ఒక్క ఇంజనును నమ్ముకొనరాదని ఆయనకు తోఁచెను. ఆ తలంపునుండియే 1913లో నాలుగు ఇంజనుల పెద్ద విమానము పుట్టెను. అంత పెద్ద యంత్రము ఎగురదని పలువురు నవ్విరి. అది ఎగిరెను. దానిని మించిన ఇల్యా మురోమెత్స్ అను విమానము 1914లో సెయింట్ పీటర్స్‌బర్గునుండి కీవ్ నగరమునకు పోయి తిరిగివచ్చెను. ఈ విమానములను ఆయన ఇతరులకు అప్పగించి దూరముగా నిలువలేదు. మొదటి పరీక్షకు తానే యెక్కెను. అపాయమున్నచో అది ముందు తనకే కలుగవలెనని ఆయన మతము.

ఒక దోమ కథనుండి మనమును ఒక అలవాటు నేర్వవలసియున్నది. బొమ్మను ఎగురవేయుటకు ముందు ప్రతిసారియు దానిని చేతపట్టి చూడవలెను. రెక్కలకు పగులున్నదా, మరలు వదులైనవా, తోఁకపంకా తేలికగా తిరుగుచున్నదా, బ్యాటరీ కదలకుండ బిగిసియున్నదా యని చూచుటకు రెండు నిమిషములు చాలును. పిమ్మట వేగపు మీటను పూర్తిగా క్రిందికి దించి, ముందు చేతిలోని రిమోటును వెలిగించి, తరువాతనే బొమ్మకు బ్యాటరీ తగిలింపవలెను. ఆట ముగిసినప్పుడు ముందు బొమ్మ బ్యాటరీని తీసి, తరువాత రిమోటును ఆఁపవలెను. ఈ క్రమము తప్పినచో యజమాని ఆజ్ఞ లేకయే రెక్కలు తిరుగవచ్చును.

1917వ సంవత్సరపు విప్లవముతో సికోర్‌స్కీ సంపదయు కీర్తియు ఒక్కసారి మాయమయ్యెను. ఆయన 1918లో స్వదేశమును విడిచి, ఫ్రాన్సు మీఁదుగా 1919 మార్చి 30వ తేదీన న్యూయార్కు నగరమున దిగెను. చేతిలో సొమ్ము స్వల్పము, భాష కొత్తది, యుద్ధము ముగిసినందున విమానములు కావలసినవారు లేరు. నాలుగు ఇంజనుల విమానమును లోకమునకు చూపిన మనుష్యుఁడు, తనవలె దేశము విడిచివచ్చిన రష్యా కూలీలకు రాత్రివేళ లెక్కలు చెప్పి పొట్టపోసికొనెను. 1923లో లాంగ్ ఐలాండునందలి యొక కోళ్లపెంపకపు స్థలమున, కొందఱు స్వదేశీయుల సాయముతో సంస్థను నెలకొల్పెను. ప్రసిద్ధ సంగీత విద్వాంసుఁడగు రఖ్మానినోవ్ 5,000 డాలర్లిచ్చి ఆదుకొనెను. పనివారికి జీతములు సరిగా లేవు. కొన్ని పరికరములు పాత సామానుల దుకాణములనుండి తెచ్చినవి.

ఈ కాలమునందే ఆయనకు రెండు కఠినమైన పాఠములు లభించెను. 1924 మే నెలలో మొదటి విమానము సిద్ధమైనప్పుడు, దానికై చెమటోడ్చిన పనివారు పలువురు తామును ఎక్కుదుమని లోపలికి వచ్చిరి. వారి ముఖములు చూచి ఆయన వలదనలేకపోయెను. బరువు పెరిగెను, ఇంజనులు చాలవయ్యెను, విమానము దగ్గఱలోని మైదానమున దిగి దెబ్బతినెను. అదృష్టవశమున ప్రాణనష్టము లేదు. దానిని బాగుచేసి మరల ఎగురవేసిరి. రెండవ పాఠము ఇంతకంటె దారుణమైనది. 1926లో అట్లాంటిక్ మహాసముద్రమును ఆఁగకుండ దాటినవారికి గొప్ప బహుమానము కలదని పోటీ జరుగుచుండెను. ఫ్రాన్సు యోధుఁడగు రెనె ఫాంక్ కొఱకు సికోర్‌స్కీ ఒక విమానమును కట్టెను. ఇంకను పరీక్షలు జరుగవలెనని సికోర్‌స్కీ కోరినను, తొందర గెలిచెను. సెప్టెంబరు 21వ తేదీన మితిమీఱిన బరువుతో పరుగెత్తిన విమానము నేల విడువక, గోతిలోఁబడి మండిపోయెను. లోపలి నలుగురిలో ఇద్దఱు మరణించిరి.

జనులు చూచుచున్నారను మొగమోటమియు, ఎవరో ముందుపోవుదురను తొందరయు మనుష్యునిచేత ఎట్టి పని చేయించునో ఈ రెండు సంగతులు తెలుపుచున్నవి. బొమ్మ చిన్నదైనను నియమము అదే. నేర్చుకొనుచున్నవాఁడు నలుగురిని పిలిచి చూపఁబోరాదు. తమ్ముఁడు నాకిమ్మని యేడ్చెనని మీటను వాని చేతఁబెట్టరాదు. బొమ్మపై కెమెరాలు, దీపములు కట్టి బరువు పెంచరాదు. స్నేహితుఁడు పందెము వేసినప్పుడు నేఁడు కాదని చెప్పఁగలుగుటయే నేర్పరి లక్షణము.

ఇట్టి దెబ్బలకు సికోర్‌స్కీ క్రుంగిపోలేదు. 1928లో నీటిపైనను నేలపైనను దిగఁగల ఎస్-38 అను విమానము ఆయనకు కీర్తినిచ్చెను. ఆయన సంస్థ మఱుచటి సంవత్సరమే యొక పెద్ద సంస్థలో కలిసెను. 1934లోని ఎస్-42 వంటి నీటివిమానములు మహాసముద్రములపై మార్గములు చూపినవి. ఒకనాఁడట్టి పెద్ద విమానపు లోపల నడచుచుండఁగా, నడవయు దీపములును చూచి, ఆయనకు 11 ఏండ్ల నాఁటి కల జ్ఞప్తికివచ్చెనని చెప్పుదురు. మనుష్యునకు ఇంతటితో తృప్తి కలుగవచ్చును. ఆయనకు కలుగలేదు. ఇన్ని యేండ్లును హెలికాప్టరు చిత్రములు గీయుచునే యుండెను. 1938లో సంస్థ పెద్దలు ఒప్పుకొనఁగా, తాను విడిచిన పనిని మరల చేపట్టెను.

1939 సెప్టెంబరు 14వ తేదీన కనెక్టికట్ రాష్ట్రమందలి స్ట్రాట్‌ఫర్డ్ గ్రామమున వీ.ఎస్. 300 అను యంత్రము ఆరుబయట నిలిచెను. గొట్టములతో కట్టిన యస్థిపంజరమువంటి దేహము. 75 గుఱ్ఱపుశక్తుల ఇంజను. పైన 28 అడుగుల వ్యాసముగల మూఁడు రెక్కల పంకా. తోఁకచివర చిన్న పంకా. 50 ఏండ్ల సికోర్‌స్కీ నెత్తిన తన నిత్యపు టోపీతో తానే కూర్చుండెను. యంత్రమునకు త్రాళ్లతో బరువులు కట్టియుండిరి. రెక్కలు తిరిగినవి, చక్రములు నేలను విడిచినవి. ఎంత ఎత్తు? కొన్ని అంగుళములు. ఎంతసేపు? సుమారు 10 క్షణములు. పిమ్మట దిగెను. ముప్పది యేండ్ల అనుభవము గల విమాన నిర్మాత తన మొదటి హెలికాప్టరు యానమున కోరినది ఇంతే. త్రాళ్లు విప్పి స్వేచ్ఛగా నెగురుటకు ఆయన 1940 మే 13వ తేదీవఱకు, అనఁగా ఎనిమిది నెలలు ఆఁగెను.

బాలబాలికలారా, ఈ యెనిమిది నెలలను మీరు మఱువకుఁడు. మీ బొమ్మను పైకప్పు తాఁకించుట నేర్పు కాదు. మొదట దానిని నేలపైననే, లేచీ లేవనట్లుగా తేలికచేసి, అది ఏవైపు జారునో చూడవలెను. పిమ్మట ఒక జానెడెత్తున లేపి, ఉన్నచోటనే నిలిపి, మెల్లగా దింపవలెను. బొమ్మ తోఁక ఎల్లప్పుడు మీవైపునకే యుండవలెను. అప్పుడు మీ కుడియే దాని కుడి. ముక్కు మీవైపు తిరిగినప్పుడు కుడియెడమలు తాఱుమాఱగును; కొత్తవారి బొమ్మలు తఱచుగా పడిపోవునది ఇచటనే. తోఁకవైపునుండి నిలుపుట వచ్చిన తరువాత ప్రక్కనుండియు, అదియు వచ్చిన తరువాత ఎదుటనుండియు అభ్యసింపవలెను. బొమ్మ క్రిందికఱ్ఱలకు అడ్డముగా నాలుగు సన్నని పుల్లలు కట్టి, వాని చివరల తేలిక బంతులు గ్రుచ్చినచో అది ప్రక్కకు ఒరగకుండును. ఇదియే మన త్రాడు. కంప్యూటరుపై అభ్యాసము చేయించు సాధనములును కలవు. వానిలో నూఱుసార్లు పడినను రెక్క విరుగదు. పెద్ద బొమ్మను కొనఁదలచువారు ముందు దానిలో కొన్ని వారములు శ్రమించుట మేలు.

1939 డిసెంబరులో ఒక గాలితాఁకుడుకు వీ.ఎస్. 300 ప్రక్కకు పడి దెబ్బతినెను. త్రాళ్లతో కట్టియున్న యంత్రమునే గాలి అట్లు చేసినప్పుడు, వందగ్రాముల బొమ్మను ఏమి చేయదు? మన రాజాం సముద్రమునకు మిక్కిలి దూరమైనది కాదు. ప్రొద్దెక్కిన కొలఁది గాలి పెరుగును. కావున ఉదయమున గాలి కదలని వేళ, కోఁతలైన పొలముననో విశాలమగు ఆటస్థలముననో యెగురవేయవలెను. చెట్టుకొమ్మలు కదలుచున్నచో ఆ పూట బొమ్మను పెట్టెలోనే యుంచవలెను. విద్యుత్తు తీఁగలు, బాట, చెఱువు, పశువులు లేనిచోటు చూచుకొనవలెను. తీఁగలపైనో చెట్టుపైనో బొమ్మ చిక్కినచో పిల్లలు ఎక్కరాదు, పెద్దలకు చెప్పవలెను.

వీ.ఎస్. 300 మొదట వెనుకకును ప్రక్కలకును బాగుగా పోయెడిది గాని, ముందునకు మాత్రము సరిగా పోయెడిది కాదు. సంస్థ పెద్దలలో నొకరు దీనిని గమనించి కారణమడుగఁగా, అది తామింకను పరిష్కరింపవలసిన చిన్న చిక్కని సికోర్‌స్కీ నెమ్మదిగా బదులు చెప్పెనఁట. ఆయన తోఁకపంకాలను పెంచి చూచెను, తగ్గించి చూచెను, నిలువుగాను అడ్డముగాను అమర్చి చూచెను. 1941 మే 6వ తేదీన ఆ యంత్రము 1 గంట 32 నిమిషములు గాలిలో నిలిచి, జర్మనీ హెలికాప్టరు పేరనున్న రికార్డును దాటెను. ఆ సంవత్సరాంతమునకు ఒక పైపంకా, ఒక తోఁకపంకా అను రూపము స్థిరపడెను. నేఁటికిని లోకమందలి హెలికాప్టరులలో అధికభాగము ఆ రూపముననే యున్నవి. 1942 మే నెలలో ఎక్స్.ఆర్. 4 అను కొత్త యంత్రమును లెస్ మోరిస్ అను చోదకుఁడు స్ట్రాట్‌ఫర్డ్ నుండి ఒహాయో రాష్ట్రమువఱకు 761 మైళ్లు, అయిదు దినములలో మజిలీలు చేయుచు నడిపెను. అచటి మైదానమున దానిని చూడవచ్చినవారిలో ఆర్విల్ రైట్ ఒకఁడు. చిన్ననాఁడు రబ్బరు త్రాటి హెలికాప్టరుతో ఆడుకొనిన ఇద్దఱు పిల్లలు, వృద్ధాప్యమున నిజమైన హెలికాప్టరు ప్రక్కన నిలిచిరి.

ఇంత శ్రమయు దేనికొఱకు? దీనికి ప్రత్యుత్తరము మన దేశపు సరిహద్దుననే లభించెను. 1944 ఏప్రిల్ నెలలో బర్మా అరణ్యమున ఒక చిన్న విమానము కూలి, దాని చోదకుఁడును గాయపడిన ముగ్గురు బ్రిటిషు సైనికులును శత్రువుల నడుమ చిక్కుకొనిరి. అస్సామునందలి లాలాఘాట్ స్థావరమునుండి కార్టర్ హార్మన్ అను యువకుఁడు సికోర్‌స్కీ హెలికాప్టరుతో బయలుదేఱెను. వేఁడిగాలి పలుచనగుటచే యంత్రము ఒక్కసారి ఒక్కనికంటె ఎక్కువమందిని మోయలేదు. ఆయన బలవంతముగా ఇద్దఱిని ఎక్కించుకొనలేదు. ఇంజను వేఁడెక్కినప్పుడు చల్లాఱువఱకు ఆఁగెను. రెండు దినములలో నాలుగుమాఱులు పోయి నలుగురిని బ్రదికించెను. మితము తెలిసినవాఁడే ప్రాణము కాపాడఁగలఁడు. 1945 నవంబరు 29వ తేదీన కనెక్టికట్ తీరమున తుపానులో చిక్కిన యొక నావనుండి ఇద్దఱు మనుష్యులను హెలికాప్టరు త్రాటితో పైకి లాగిరి. ఆ యంత్రమును నడిపినవాఁడు సికోర్‌స్కీ మేనల్లుఁడు జిమ్మీ వైనర్.

మన ఉత్తర తీరమునకు తుపానులు కొత్తవి కావు. విశాఖపట్టణమున ఐ.ఎన్.ఎస్. డేగ అను నావికాదళ స్థావరమునుండి పెక్కేండ్లు సేవచేసి 2024 జూన్ నెలలో విశ్రాంతి గైకొనిన యూ.హెచ్. 3 హెచ్ హెలికాప్టరులు సికోర్‌స్కీ సంస్థ నిర్మించినవే. సముద్రమున ఆపదలోనున్నవారిని వెదకి రక్షించుటయు, విపత్తులలో తోడుపడుటయు వాని పనులు. కీవ్ నగరమున ఒక బాలుఁడు మెలిపెట్టిన రబ్బరు త్రాడు మన జాలరుల తీరమువఱకు వచ్చినదని చెప్పవచ్చును.

తల్లిదండ్రులకును మేము కొన్ని మాటలు మనవి చేయవలసియున్నది. తిరుగుచున్న రెక్క కత్తివంటిది. పెద్ద బొమ్మలో పంకా వ్యాసము 1.3 మీటరులుండి, అది నిమిషమునకు 2,000 చుట్లు తిరిగినచో, రెక్కకొన వేగము గంటకు సుమారు 490 కిలోమీటరులగును. మన విద్యార్థులు లెక్కవేసి చూచుకొనవచ్చును. అట్టి బొమ్మలవలన లోకమున మరణములును సంభవించినవి. కావున పెద్దవానిని అనుభవజ్ఞుఁడు ప్రక్కన లేక ముట్టరాదు. చిన్నవానికైనను కన్నులకు అద్దములు ధరించి, కొన్ని అడుగులు ఎడముగా నిలువవలెను. చూచువారు ఎగురవేయువాని వెనుకనే యుండవలెను. మనుష్యుల తలలపై ఎన్నఁడును పోనీయరాదు. పడఁబోవుచున్న బొమ్మను చేతితో పట్టుకొనఁబోరాదు. మీటను దించి పడనీయవలెను. లిథియం బ్యాటరీని దానికి తగిన ఛార్జరుతోనే, రాతిపలకపై నుంచి, పెద్దలు మెలఁకువగా నున్నప్పుడే ఛార్జి చేయవలెను. రాత్రి తగిలించి నిద్రపోరాదు. ఉబ్బిన బ్యాటరీని మరల వాడరాదు, అది మండిపోవచ్చును. మన దేశమున 2021వ సంవత్సరపు డ్రోన్ నియమములు రేడియోతో నడచు ఆటవిమానములకును సంబంధించినవే. 250 గ్రాములకు మించనివి వానిలో అతిచిన్న తరగతి. విమానాశ్రయముల చేరువను, రక్షణశాఖ స్థలములవద్దను ఎగురవేయుటకు వీలులేదు. బొమ్మ ఎల్లప్పుడు కంటికి కనఁబడుచుండవలెను. పెద్ద బొమ్మను కొనుటకు ముందు ఆ నియమములను తల్లిదండ్రులు చూచుకొనుట మంచిది.

సికోర్‌స్కీ 1957లో ఉద్యోగమునుండి విరమించెను. ఆయన మిక్కిలి మృదుభాషి, దైవభక్తుఁడు. ప్రభువు ప్రార్థనను గూర్చి ఒక గ్రంథమును కూడ రచించెను. 1972 అక్టోబరు 26వ తేదీన 83 ఏండ్ల ప్రాయమున కనెక్టికట్ రాష్ట్రమందలి తన గృహమున మరణించెను. ఆయన త్రాళ్లతో కట్టి లేపిన వీ.ఎస్. 300 నేఁటికిని అమెరికాలో డియర్‌బోర్న్ నగరపు హెన్రీ ఫోర్డ్ ప్రదర్శనశాలలో నిలిచియున్నది.

ఆ మహనీయుని జీవితమున వైఫల్యములు పెక్కు. 1910లో ఓడి ఆఁగుట తెలిసికొనెను. 1924లోను 1926లోను బరువునకును తొందరకును కలుగు ఫలమును కన్నులార చూచెను. 1939లో కొన్ని అంగుళములు లేచి సంతోషించెను. ఎత్తునకు పోయినవాఁడు అంగుళములను చిన్నచూపు చూడలేదు. మన విద్యార్థులు బొమ్మనే యెగురవేయుదురు గాక, రేపు మన జిల్లాలోని యంత్రశాలలలో పనిచేయుదురు గాక, ఈ యోర్పును అలవఱచుకొందురేని, వారి చేతిలోని కంటికి కనఁబడని దారము తెగదని మా నమ్మకము.